చేత్తో తిప్పి చూడని ఇంజిను

ఈ సంగతి ఇప్పటికి నాలుగుసార్లు రాసి చింపేశాను. రాసిన ప్రతిసారీ తప్పు ఒక్కొక్కరి మీదికి పోయింది. మొదటిసారి నా మీదికి, రెండోసారి మా మేస్త్రీ మీదికి, మూడోసారి పడవ ఆసామి తొందర మీదికి. నాలుగోసారి రాసింది చదువుకుంటే దేవుడి మీదికే పోయినట్టు అనిపించి, భయపడి చింపాను. ఈసారి తప్పు ఎవరిదో తేల్చే పని పెట్టుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇంజిన్ల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు మీరే తేల్చుకోండి. తేలితే నాకూ చెప్పండి.

ముప్పై ఎనిమిదేళ్లు ఇంజిన్లు విప్పి బిగించాను. మొదటి పదకొండేళ్లు చోడవరంలో, మిగతావి విశాఖపట్నంలో లాంచీల మీద. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ కాగితం ఇచ్చారో మీకు పనికిరాదు. పనికొచ్చేది చోడవరంలో పన్నెండు రోజుల సంగతి. పంతొమ్మిది వందల యాభైల నడుమ, చెరకు ఆడటం అయిపోయి ఎండలు ముదిరే రోజుల్లో.

గానుగ చెయ్యి

మా షెడ్డు బస్సులు మాడుగుల వైపు మళ్లే మలుపులో ఉండేది. మాకు వచ్చే పనిలో ముప్పాతిక చెరకు గానుగలే. బుచ్చయ్యపేట నుంచీ రావికమతం నుంచీ రైతులు గానుగలు బళ్ల మీద తెచ్చేవారు. ఇనప గానుగకు మూడు రోళ్లు ఉంటాయి. చెరకు వాటి మధ్య నలిగి రసం కారుతుంది. పిప్పిలో తడి మిగిలిపోతే రోళ్లు దూరం జరిగాయని అర్థం. అప్పుడు పక్క బోల్టులు బిగిస్తే రోలు దగ్గరికి వస్తుంది. రాకపోతే ఇంకో అరచుట్టు. అప్పటికీ రాకపోతే స్పానరుకు గొట్టం తొడిగి ఇంకో అరచుట్టు. గానుగలో ఎక్కడ సందు కనపడినా మందు బోల్టే. ఆరేళ్లు ఆ పని చేసేసరికి నాకు గానుగ చెయ్యి వచ్చేసింది. సందు కంటపడితే చెయ్యి స్పానరు కోసం వెతుక్కునేది. ఎందుకు వచ్చిందని బుర్ర అడిగే లోపలే చెయ్యి పని మొదలుపెట్టేసేది.

మా మేస్త్రీ పైడయ్య. యుద్ధం రోజుల్లో రేవులో ఓడల పని చేసి వచ్చిన మనిషి. ఇంజిను నడుస్తుంటే స్పానరు ఒక కొస ఇంజినుకూ రెండో కొస చెవికీ ఆనించి, ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. అంత పనివాడిని మళ్లీ చూడలేదు. కానీ ఒక చెడ్డ అలవాటు ఉండేది, దాచకుండా చెబుతాను. ముఖ్యమైన ముక్క బిగించేటప్పుడు భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పి, చేతులు తువ్వాలు కిందికి పోనిచ్చి బిగించేవాడు. మేము చూడకూడదని. అడిగితే, "సూస్తే నేర్సీసుకుంటార్రా, నేర్సుకుంటే ఎల్లిపోతారు" అని నవ్వేవాడు. నవ్వు నవ్వే, తువ్వాలు తువ్వాలే.

పనివాడు పని దాచుకుంటే పోయేది అవతలి వాడి నేర్పు ఒక్కటే అనుకుంటాం. తనకీ నష్టం ఉంది. అతని తప్పు చూసి చెప్పే కన్ను ఇంకొకటి ఉండదు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది ప్రార్థన చేసుకునే క్రైస్తవుల ఇల్లు. మా నాన్న సంఘంలో పెద్ద. నేను అక్షరాలు నేర్చుకున్నదే బైబిలు వాక్యం చదివి. మా సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యం చెప్పే వాడుక ఉంది. ఆ వారం దేవుడు నీకు ఏం చేశాడో లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. చెప్పడానికి ఏమీ లేని ఆదివారం నాకు అవమానంగా ఉండేది. శుక్రవారం నుంచే వెతుక్కునేవాడిని, ఈ వారం ఏం జరిగిందా అని. ఇది కూడా ఒక రకం గానుగ చెయ్యే అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం భక్తి అనుకున్నాను. భక్తి కూడా ఉందేమో. అక్కడే నాకు ఇప్పటికీ తెగదు.

కోళ్లు గుడ్లు పెట్టిన గేరుబాక్సు

యుద్ధం అయిపోయాక పడవల ఇంజిన్లు కొన్ని వేలంలో అమ్మారు. అందులో ఒకటి చోడవరం బియ్యం మిల్లుకు వచ్చింది. మిల్లుకు ఇంజిను చాలు, గేరుబాక్సుతో పనిలేదు. దాన్ని విప్పి, ఇంజినుకు పుల్లీ తగిలించి, ఏళ్ల తరబడి మిల్లు ఆడించారు. గేరుబాక్సు తవుడు గదిలో ఒక మూల పడి ఉండేది. దాని వెనక కోళ్లు గుడ్లు పెట్టుకునేవి.

తరవాత ఊళ్లోకి కరెంటు వచ్చింది. మిల్లుకు మోటారు వచ్చింది. ఇంజినునూ గేరుబాక్సునూ కలిపి పూడిమడక నూకరాజు కొనుక్కున్నాడు. తరాలుగా తెడ్డుతోనూ తెరచాపతోనూ చేపలు పట్టిన ఇంటివాడు. ఇంజిను పడవ చేయించాలని పట్టుబట్టి పెద్ద పడవ కట్టించుకున్నాడు. ఇద్దరు తమ్ముళ్లు కలకత్తా జనపనార మిల్లులకు పోతామని కూర్చుంటే, "ఇంజినొచ్చీదాకా ఆగండ్రా" అని ఆపి ఉంచాడు. వేసవి దాటితే కెరటాలు లేస్తాయి, కొత్త పడవను నీళ్లలోకి దించడం కుదరదు. ఆ నెల తప్పితే తమ్ముళ్లు ఉండరు.

అతను మాకు అప్పగించిన పని చెప్పడానికి చిన్నది. ఇంజినుకు గేరుబాక్సు మళ్లీ తగిలించడం.

సముద్రం ఇంజిను ఒకే వైపు తిరుగుతుంది. పడవ ముందుకూ పోవాలి, వెనక్కీ రావాలి. ఆ మార్పు చేసేది గేరుబాక్సు. ఆరుగురు మోసే ఇనుము. ఇంజిను వెనక పెద్ద చక్రం ఉంటుంది, ఫ్లైవీలు అంటాం. దానికి తిరగలి రాయంత ప్లేటు ఒకటి బిగిస్తారు. ప్లేటు మధ్యలో పళ్లున్న బొడ్డు. గేరుబాక్సులోంచి పొడుచుకు వచ్చిన ఇరుసుకూ పళ్లుంటాయి. ఆ ఇరుసు పళ్లు ఈ బొడ్డులోకి జారితే, రెండు ఇనుములూ ముఖాలు ఆనుకుని కూర్చుంటాయి. చుట్టూ పన్నెండు బోల్టులు. అంతే పని. అంత బరువుది తలవెంట్రుక వాసి తేడా లేకుండా జారాలి, కష్టం అదొక్కటే.

గురువారం

ఆ రోజు పైడయ్య మేస్త్రీ నేర్పిన మూడు సంగతులు ఈ రోజుకీ సరైనవే, రాసుకోండి. తాటి దుంగలతో ముక్కాలి నిలబెట్టి చైను పుల్లీతో గేరుబాక్సును ఎత్తించాడు. ఆఖరి బోల్టు బిగిసే వరకూ బరువు చైను మీదే ఉండాలన్నాడు. దాని బరువు ఒక్క నిమిషం ఇరుసు మీద వేలాడినా ప్లేటు వంగిపోతుంది. రెండోది, బోల్టులకు ముందు తలలు కోసేసిన రెండు పొడుగు కడ్డీలు అటొకటి ఇటొకటి ఇంజినుకు బిగించాడు. గేరుబాక్సు వాటి మీద జారుతూ తిన్నగా వస్తుంది. మూడోది, పళ్లు కలవకపోతే నెట్టకూడదు, ఇంజినును కొద్దిగా తిప్పాలి.

ఈ మూడూ మాకు చూపించాడు. ప్లేటు బిగించడం మాత్రం చూపించలేదు. అది తువ్వాలు కిందే జరిగిపోయింది.

గేరుబాక్సు జారింది. పళ్లు కలిశాయి. ముఖాలు ఆనుకోవడానికి అర వేలు సందు ఉండగా ఆగిపోయింది. ఇంజిను తిప్పాం. గేరుబాక్సు ఎత్తాం, దించాం. ఆ అర వేలు అలాగే ఉంది.

మేస్త్రీ చుట్ట వెలిగించుకుని దాని ముందు కూర్చున్నాడు. "ఏటిరా ఇది. అన్నీ కలిసేయి, ఇదేటి అడ్డం?"

"బోల్టులు పెట్టి లాగుదామా మేస్త్రీ?" అన్నాను.

"గానుగనుకున్నావేటి? సందెందుకొచ్చిందో తెలకుండా మూయకు. రేపు విప్పీసి సూద్దాం."

అతను చుట్ట ఆర్పే లోపలే మాడుగుల నుంచి మనిషి వచ్చాడు. మేస్త్రీ అక్క మొగుడు పోయాడు. ఉన్నవాడు ఉన్నట్టే ఆఖరి బస్సు కోసం పరిగెత్తాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి అరిచాడు, "ఒరే దానం, నానొచ్చీదాకా ముట్టుకోకు!"

నా పేరు దేవదానం. అతను దానం అనేవాడు.

శుక్రవారం

పొద్దున్నే నూకరాజు రెండు బళ్లతో దిగాడు. సంగతి చెప్పాను. అతను గేరుబాక్సు చుట్టూ తిరిగి, సందులో వేలు పెట్టి చూశాడు.

"ఇంతేనేటి? ఈ మాత్రానికి నాలుగు రోజులు ఆగాలా?"

"మేస్త్రీ రావాలి, అన్నా."

"మేస్త్రీ పెదకర్మ దాకా రాడు. నా తమ్ముడు నిన్న ట్రంకుపెట్టి కూడా సర్దీసేడు. సోమవారం పడవ దించుతానని ఊరంతా సెప్పేను. ఈ బళ్లు ఖాళీగా తోలుకెళ్తే ఆళ్లకి ఏటి సెప్పాల, తమ్ముడూ?"

మళ్లీ అతనే నవ్వుతూ అన్నాడు, "నువ్వు ప్రార్థన సేస్తావంట కదా. మీ దేవుడికి అర వేలు సందు మూయడం రాదేటి?"

ఎగతాళిగానే అన్నాడు. ఆ మాట నాకు సవాలులా తగిలింది. షెడ్డు వెనక ఇనప తుక్కు మధ్య మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశాను. నిజంగానే, మనసు పెట్టి చేశాను. నూకరాజు తమ్ముళ్లు కళ్ల ముందు మెదిలారు. బిగించు అని లోపల ఒక ప్రేరణ కలిగింది. అది దేవుడి ప్రేరణో, ఆరేళ్ల గానుగల ప్రేరణో, అరవై దాటాక కూడా విడదీయలేకపోతున్నాను. లోపల రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి.

లేచి వచ్చి పన్నెండు బోల్టులూ పెట్టి, ఎదురెదురుగా వరసన బిగించాను. సందు తగ్గుతూ వచ్చింది. మూడు వంతులు మూసుకున్నాక బిగిసిపోయింది. స్పానరుకు గొట్టం తొడిగాను. లోపల ఎక్కడో 'టక్' మంది. తరవాత ఇంకొకటి. సందు మూసుకుపోయింది.

నూకరాజు నా భుజం చరిచాడు. "మీ దేవుడు గట్టోడే తమ్ముడూ!"

"దేవుడే మూశాడన్నా," అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

ఇక్కడ మీరు ఆగి ఒకటి గమనించండి. ఏ ఇంజినైనా బిగించాక చేత్తో తిప్పి చూడాలి. నేను రోజూ చేసే పని అది. ఆ రోజు చెయ్యలేదు. మరిచిపోయి కాదు. హేండిలు చేతిలోకి తీసుకున్నాను కూడా. దేవుడు మూసిన దాన్ని నేను తిప్పి చూడటం ఏమిటి, అది నమ్మకం లేకపోవడం కాదా అనిపించింది. హేండిలు గోడకు ఆనించేశాను. సంతోషంతోనే ఆనించాను, ఏదో జయించినట్టు.

ఆదివారం

శనివారం బళ్లు ఇంజినును ఎక్కించుకుని వెళ్లిపోయాయి. ఆదివారం ఆరాధన అయ్యాక లేచి సాక్ష్యం చెప్పాను. సందు, ప్రార్థన, మూసుకోవడం అన్నీ చెప్పాను. రెండు టక్కుల సంగతి చెప్పలేదు. అవి సాక్ష్యంలో ఎక్కడా ఇమడలేదు. అందరూ స్తోత్రం అన్నారు. మా సంఘ కాపరి అయ్యగారు కళ్లు మూసుకుని తలూపారు. ఆయనకు నా మీద ప్రేమ ఎక్కువ.

బయటికి వస్తుంటే మరియమ్మ మామ్మ నా చెయ్యి పట్టుకుంది. బెల్లం వండే కళ్లంలో పుట్టి పెరిగిన మనిషి. ఏటా చెరకు ఆడే రోజుల్లో గానుగ దగ్గరే ఉండేది.

"బావుంది నాయనా. మూసుకున్నాక సేత్తో తిప్పేవా?"

"లేదు మామ్మా."

"అదేటి?" అంది. ఆమె మొహంలో తప్పు పట్టడం లేదు, ఆశ్చర్యమే. "గానుగ బిగించినాక సేత్తో ఓ సుట్టు తిప్పకుండా ఎడ్లు కడతారేటి ఎవరైనా? రోలిరిగితే కర్రొచ్చి ఎడ్ల మెడలకి తగలదూ?"

"దేవుడు మూశాడు కదా అని..."

"అయితే దేవుడు మూసిందే తిప్పు. ఆయనేటి అనుకుంటాడు?"

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. ఆ రెండు టక్కులూ చెవిలో ఉన్నాయి. రేపు పొద్దున్న నూకరాజు ఆ పడవ దించుతాడు. ఒడ్డున కెరటం విరిగే చోట దాటేటప్పుడు ఇంజిను ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన పడవను కెరటం బోర్లిస్తుంది. అతనూ ఇద్దరు తమ్ముళ్లూ ఎక్కుతారు. కెరటం బోర్లించే సంగతి నూకరాజే మాకు ఎన్నోసార్లు చెప్పాడు. ముందు మాడుగుల పోయి మేస్త్రీకి చెప్పనా, పూడిమడక పోనా అని కాసేపు కొట్టుకున్నాను. మేస్త్రీ దగ్గరికి పోతే తిట్లు తింటాను. పూడిమడక పోతే దేవుడి పేరు నా నోటితోనే తగ్గించాలి. మొదటిదే తేలిక అనిపించింది. అందుకే రెండోదానికి బయలుదేరాను. అనకాపల్లి బస్సెక్కి, అక్కడి నుంచి ఇంకో బస్సు, చివర నడక.

ఇంజిను ఒడ్డున తాటాకు పాక కింద దుంగల మీద ఉంది. పక్కనే కొత్త పడవ, దాని మీద కొత్త రంగు వాసన. నూకరాజు నన్ను చూసి సంబరపడ్డాడు.

"రా తమ్ముడూ! పొద్దున్న సూద్దువు గాని."

"అన్నా, దీన్ని విప్పాలి."

"ఏటి?"

"సందు నేను బలవంతంగా మూశాను. లోపల ఏదో విరిగింది. చప్పుడు విన్నాను."

అతను నన్ను తేరిపార చూశాడు. "దేవుడు మూసేడన్నావు కదా?"

"అన్నాను."

"ఇప్పుడు మనసు మార్సుకున్నాడేటి మీ దేవుడు?"

తమ్ముళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. "మూసింది స్పానరు అన్నా. గొట్టం తొడిగి మరీ లాగాను," అన్నాను.

"రేపు ఊరంతా వొస్తారు. ఇప్పుడు విప్పితే నా తల ఎక్కడ పెట్టుకోవాల?"

"అయితే ఒక్కటి చెయ్యనివ్వు. తిప్పి చూస్తాను. తిరిగితే నేను వెళ్లిపోతాను."

సిలిండరులో గాలి వదిలే లివరు ఎత్తి హేండిలు తగిలించాను. గాలి వదిలిన ఇంజిను ఒక మనిషికి తేలిగ్గా తిరగాలి. నేనూ పెద్ద తమ్ముడూ కలిసి లాగితే పావు చుట్టు కదిలి కీచుమంది. తరవాత గునపం తెప్పించి ఫ్లైవీలు వెనక ఆనించి మీటాను. దేనికంటే, ఇంజినులో ఇరుసు ముందుకూ వెనక్కూ కాగితమంత మందం ఆడాలి. మీటితే 'టిక్' మని చిన్న కదలిక వస్తుంది. గేరుబాక్సు తగిలించక ముందు ఆ ఆట ఎంత ఉందో, తగిలించాక కూడా అంతే ఉండాలి. లేకపోతే గేరుబాక్సు ఇరుసును తోసేస్తోందని అర్థం. ఒక గంట నడిస్తే బేరింగు కాలిపోయి పట్టేస్తుంది.

మీటాను. కదలలేదు. నూకరాజు కూడా మీటాడు. కదలలేదు.

అతను గునపం ఇసకలో గుచ్చి సముద్రం వైపు చూశాడు. "గంటకి మేం ఎక్కడుంటాం?" అన్నాడు, ఎవరినీ అడగనట్టు. తరవాత తమ్ముళ్ల వైపు తిరిగాడు. "ముక్కాలికి దుంగలట్టుకు రండ్రా."

ఎటు వైపు

సోమవారం ఎండెక్కక ముందే విప్పాం. ఊరి వాళ్లు వచ్చి పడవకు బదులు మమ్మల్ని చూసి పోయారు. గేరుబాక్సు వెనక్కి జారాక ప్లేటు కనపడింది. పళ్లెంలా లోపలికి వంగిపోయింది. బొడ్డును ప్లేటుకు పట్టి ఉంచే రివిట్లలో రెండింటి తలలు తెగి పడి ఉన్నాయి. రెండు టక్కులు, రెండు తలలు.

విప్పి చేతిలోకి తీసుకున్నాను. ప్లేటు బొడ్డు ఒక వైపు పొట్టి, రెండో వైపు పొడుగు. పొట్టి వైపు గేరుబాక్సుకు ఉండాలి. పొడుగు వైపు గేరుబాక్సుకు పెట్టి ఉంది. గేరుబాక్సు ఇరుసు మొదట్లోని గట్టు ఆ పొడుగుకు తగిలి ఆగిపోయింది. ఎక్కువున్న పొడుగు అర వేలు.

చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాను. అది తిరగబడి బిగించి ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. పైడయ్య మేస్త్రీ అలా బిగించాడని అనుకోవడం కంటే సముద్రం ఉత్తరానికి జరిగిందని అనుకోవడం నాకు తేలిక. అతను కూడా ఆ సాయంత్రం సందు ముందు కూర్చుని అన్నీ అనుమానించాడు, తన చెయ్యి ఒక్కటి తప్ప. తువ్వాలు కింద ఏముందో మాలో ఒక్కరం చూసి ఉన్నా అడిగేవాళ్లం, ఇది ఎటు వైపు మేస్త్రీ అని.

"ఎవుడు పెట్టేడిది?" అన్నాడు నూకరాజు.

"తప్పు మా షెడ్డుదే అన్నా," అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆ జవాబు దగ్గర కూడా నేను ఇంకా నిలబడే ఉన్నాను.

మేస్త్రీ పెదకర్మకు ఆగకుండా మాడుగుల నుంచి బుధవారమే వచ్చాడు. ప్లేటు అతని ముందు పెట్టి, నేను చేసింది అంతా చెప్పాను. బొడ్డు సంగతి ఒక్కటి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. అతను ప్లేటు ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పాడు. తిట్టలేదు. "రివిట్లు కొత్తవి కొట్టించు. ప్లేటు సరిసెయ్యి," అని ఇంటికి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు.

వెనక్కి తీసుకున్న సాక్ష్యం

తరువాతి ఆదివారం లేచి నిలబడ్డాను. పోయిన వారం చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. అలాంటిది మా సంఘంలో ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు. పాట ఎత్తుకునే పెద్దాయన నోరు తెరిచి, ఏ పాట ఎత్తాలో తెలియక మళ్లీ మూశాడు. మేస్త్రీ మాట మీరానని, బలవంతంగా బిగించానని, చప్పుడు విని దాచానని, తిప్పి చూడకపోవడాన్ని విశ్వాసం అనుకున్నానని చెప్పాను.

అయ్యగారు అడిగారు, "అయితే ఇందులో దేవుడు ఏం చేసినట్టు, దేవదానం?"

"తెలియదండి."

"ముగ్గురు మనుషులు బతికారు కదా."

"అవునండి. ప్రార్థన చెయ్యకపోతే నేను బోల్టు ముట్టుకునేవాడిని కాను. మరియమ్మ మామ్మ అడగకపోతే విప్పేవాడిని కాను. ఏది ఆయనదో, ఏది నాదో తెలియడం లేదండి."

"కూర్చో" అన్నారు అయ్యగారు మెల్లిగా. ఎవరూ స్తోత్రం అనలేదు. అనకూడదనీ కాదు, ఎక్కడ అనాలో తెలియక.

బయటికి వచ్చేసరికి గుమ్మం పక్కన, చెప్పులు చేతిలో పట్టుకుని పైడయ్య మేస్త్రీ నిలబడి ఉన్నాడు. అతను మా ప్రార్థన ఇంటి వైపు వచ్చిన మనిషి కాదు. సోమవారం పూడిమడక పోయే బస్సు టైము చెప్పడానికి వచ్చానన్నాడు. అది నాకు తెలిసిన బస్సే. ఇద్దరం మలుపు దాకా నడిచాం.

"సగమే సెప్పేవేటి?" అన్నాడు.

"నా సగం చెప్పాను మేస్త్రీ."

"అప్పుడు మిగతా సగం ఎవుడు సెప్తాడు?"

నేను మేస్త్రీని కాపాడానో, నిజాన్ని సగానికి కోశానో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

మర్నాడు పూడిమడకలో పాక కింద నూకరాజూ తమ్ముళ్లూ ఊరి వాళ్లు పదిమందీ చుట్టూ నిలబడ్డారు. సరిచేసిన ప్లేటు మేస్త్రీ చేతిలోకి తీసుకున్నాడు. భుజం మీద తువ్వాలు తీశాడు. కప్పుతాడనుకున్నాను. దాంతో ప్లేటుకు అంటిన ఇసక తుడిచి, తువ్వాలు నా చేతికిచ్చాడు.

"నూకరాజూ, మొన్న దీన్ని తిరగబెట్టి బిగించింది ఈ గుంటడు కాదు. నాను," అన్నాడు. తరవాత ప్లేటు నా మొహం ముందుకు పట్టుకున్నాడు.

"ఒరే దానం. సూడు. ఎటేపు?"

గేరుబాక్సుకు ఉండాల్సిన పొట్టి వైపు వేలు పెట్టి చూపించాను. నేను చూపించాకే బిగించాడు.

గేరుబాక్సు కడ్డీల మీద జారుతూ వచ్చి, ఎవరూ నెట్టకుండానే ముఖం ఆనుకుని కూర్చుంది. బోల్టులు వేళ్లతో తిరిగాయి. ఆఖరి బోల్టు బిగిశాక మేస్త్రీ గునపం నాకు అందించాడు. ఫ్లైవీలు వెనక ఆనించి మీటాను.

టిక్ మంది.

హేండిలు తీసుకుని మొదటి చుట్టు తిప్పడానికి నేను వంగుతుంటే, నూకరాజు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగు తమ్ముడూ. మీ దేవుడికి ఓ మాట సెప్పు. ఆ తరవాత తిప్పుదువు."

కళ్లు మూసుకున్నాను. ఏం అడగాలో తెలియలేదు. ఊరికే నిలబడి, తరవాత వంగి తిప్పాను.